బడి తెరిచారన్న కబురు

శేషారత్నం ట్రంకుపెట్టె మూత మీద మోకాలు ఆనించి గొళ్ళెం వేస్తుంటే, ఆమె భర్త సాంబశివరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"తొందరపడుతున్నావేమో రత్నం. ఇంకో రెండ్రోజులు చూద్దాం."

"ఇంకేం చూసేదండీ? పేపర్లో వేశారు, రేడియోలో చెప్పారు, నిన్న స్కూలు నుంచి కార్డు కూడా వచ్చింది. సోమవారం తెరుస్తారంట. అమ్మాయిది పదో తరగతి. వచ్చే ఎండాకాలం పరీక్షలు. మీరు అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండండి, నేను తీసుకుపోతాను."

అది డెబ్బై రెండు చివర. ప్రత్యేకాంధ్ర కావాలని జిల్లా అంతా ఉడికిపోతున్న రోజులు. కాలేజీలు మూతపడ్డాయి, వాటి వెనకే హైస్కూళ్ళూ మూతపడ్డాయి. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కుసుమకుమారి బాపట్లలో ఆడపిల్లల హైస్కూల్లో చదువుతూ అక్కడే హాస్టల్లో ఉండేది. కొలకలూరు నుంచి తెనాలి ఎంత దూరం, రోజూ రైల్లో వెళ్ళి రావచ్చుగా అని తండ్రి అంటే, స్టేషన్లో కాచుకుని కూర్చునే చదువు చదువు కాదని శేషారత్నమే పట్టుబట్టి హాస్టల్లో వేయించింది. తన చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. కూతురిది ఆగకూడదని ఆమె పంతం.

స్కూలు మూసి పిల్లల్ని ఇళ్ళకు పంపేశాక, తెరుస్తున్నామన్న కబురు ఇదివరకే రెండుసార్లు వచ్చింది. మొదటిసారి పెట్టె, పరుపుచుట్ట, ఆవకాయ జాడీ మోసుకుని బాపట్ల దాకా వెళ్తే గేటుకు తాళం, దాని పక్కన ఒక కాగితం: తిరిగి తెలియజేసే వరకు పాఠశాల మూసివేయబడినది. రెండోసారి తెనాలి స్టేషన్లోనే ఆగిపోయారు. బాపట్ల వైపు బండ్లు లేవన్నారు. సాయంత్రం దాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఒంటెద్దు బండి కట్టించుకుని ఇంటికొచ్చారు. ఆవకాయ జాడీ ఆ బండిలో పగిలింది.

ఈసారి బండి సరిగ్గానే నడిచింది. బాపట్లలో దిగి రిక్షా ఎక్కి వెళ్ళేసరికి స్కూలు గేటు తెరిచే ఉంది. శేషారత్నం కూతురి వైపు చూసి, "చూశావా! మీ నాన్న మాట వింటే ఇవాళ ఇంట్లో ఉండేవాళ్ళం" అంది.

కానీ లోపల ఒక్క పిల్ల కూడా లేదు. వరండాలో కుర్చీ వేసుకుని హెడ్మిస్ట్రెస్ రాఘవమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"పొద్దున తెరిచామమ్మా" అందామె లేచి. "గంట కూడా కొట్టాం. కాలేజీ అబ్బాయిలు ఊరేగింపుగా వచ్చి మూసేయమన్నారు. పిల్లల్ని పంపేశాం."

శేషారత్నం పెట్టెను వరండాలో దబ్బున దించింది.

"మీకు ఇది ఆటగా ఉందా పంతులమ్మగారూ? రమ్మంటారు, వస్తే పొమ్మంటారు. ఈ పెట్టె మోసి మోసి నా మెడ పట్టేసింది. తెరిచేది లేనప్పుడు కార్డు ఎందుకు రాయాలండి? పేపర్లో ఎందుకు వేయాలి? మాకు ఇంటి దగ్గర పనీ పాటా లేదనుకున్నారా? పిల్ల పుస్తకం ముట్టుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా మీకు? మీరు కుర్చీలో కూర్చుని కబుర్లు పంపటమేగా!"

"అమ్మా, ఊరుకో" అని కుసుమ చెయ్యి లాగింది.

"నువ్వు నోరు మూసుకో!"

రాఘవమ్మ అంతా విన్నది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన జుట్టు, సన్నటి మనిషి. "అయిందామ్మా?" అని అడిగింది. ఆ మాటలో వెటకారం లేదు, ఒట్టి అలసట. "మీకు నేను కార్డు రాస్తాను. మరి నాకెవరు రాస్తారు? తెరవమని పైనుంచి తంతి వస్తుంది. తెరిస్తే వీళ్ళొచ్చి మూయమంటారు. మూస్తే ఎందుకు మూశావని ఇంకో కాగితం. రేపు ఈ గేటు తెరిచుంటుందో లేదో నేనూ పేపర్లో చూసే తెలుసుకుంటున్నాను. ఇవాళ మీరు ఏడోవారో ఎనిమిదోవారో నన్ను తిట్టినవాళ్ళు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గరగా వేసి వెళ్ళండి."

శేషారత్నం విసురుగా పెట్టె ఎత్తుకుని రిక్షాలో మళ్ళీ స్టేషన్‌కి వెళ్తే, అక్కడ కొత్త కబురు. ఎక్కడో పట్టాల మీద జనం కూర్చున్నారు, ఇక ఇవాళ్టికి బండి లేదు. ఆడపిల్లతో స్టేషన్లో ఎలా ఉండటం? బాపట్లలో తెలిసిన గడప అంటే ఒక్క ఆ స్కూలు గడపే. తిట్టిన నోటితోనే మళ్ళీ వెళ్ళి ఆ గేటు ముందు నిలబడింది.

రాఘవమ్మ అప్పుడే తాళం వేస్తోంది. వీళ్ళను చూసి, "రండి, ఇల్లు దగ్గరే" అంది.

భర్త పోయాక రాఘవమ్మ రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, కుసుమను పిలిచి ఒక లెక్క చెప్పింది. ఆల్‌జీబ్రా. కుసుమ పలక మీద కాసేపు రాసి, తుడిచి, మళ్ళీ రాసి, తల దించుకుని కూర్చుంది.

"ఇది అక్టోబరులో నువ్వు చేసిన లెక్కే" అంది రాఘవమ్మ.

"మర్చిపోయానండి."

కంది పచ్చడి నూరుతున్న శేషారత్నం చెయ్యి ఆగిపోయింది. ఆమెకు లెక్క అర్థం కాలేదు గాని కూతురి ముఖం అర్థమైంది. క్లాసులో ఎప్పుడూ ముందుండే పిల్ల అది.

తెల్లవారి బండ్లు నడుస్తున్నాయని తెలిశాక, శేషారత్నం కొంగు నడుముకు చుట్టి, "పంతులమ్మగారూ, పెట్టె ఇక్కడే ఉంటుంది, పిల్లా ఇక్కడే ఉంటుంది. నేను మళ్ళీ మోయలేను" అంది.

"అదెలా కుదురుతుందమ్మా? స్కూలు మూసి నేను ఇంట్లో బడి పెట్టానంటే రెండు వైపులా నన్ను బతకనివ్వరు."

"బడి ఎవరు పెట్టమన్నారండి? మీరు ఒంటరిగా ఉన్నారు, మా పిల్ల సాయానికి ఉంటుంది. సాయంగా ఉన్న పిల్లకి ఒక లెక్క చెబితే ఎవరైనా వచ్చి మూయిస్తారా?"

రాఘవమ్మ ఆమెను కాసేపు చూసి నవ్వేసింది. "మీరు హెడ్మిస్ట్రెస్ అయితే బాగుండేదమ్మా."

ఆ చలికాలమంతా కుసుమ అక్కడే ఉంది. బండ్లు నడిచిన వారంలో శేషారత్నం బియ్యం, కందిపప్పు, నెయ్యి తీసుకుని వచ్చి పోయేది. ఈ మధ్యలో తెరుస్తున్నారన్న కబురు మరో రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ అబద్ధమైంది. ఒకసారి పేపర్లో పడ్డ మర్నాడే అదే పేపర్లో కాదని పడింది. "ఈ పేపరు పొట్లాలు కట్టుకోవటానికి తప్ప దేనికీ పనికిరాదు" అని శేషారత్నం భర్త మీద ఎగిరింది, ఆ పేపరు ఆయనే అచ్చు వేసినట్టు.

ఎండలు మొదలయ్యాక గొడవలు చల్లబడ్డాయి. స్కూళ్ళు నిజంగానే తెరిచారు. శేషారత్నం ఎప్పటిలా బియ్యం మూటతో వస్తే రాఘవమ్మ ఇంట్లో లేదు, స్కూల్లో ఉంది. పదో తరగతి గదిలో కుసుమ ఒక్కతే ముందు బల్ల మీద కూర్చుని ఉంది. ఆ ఒక్క పిల్లకే రాఘవమ్మ నల్లబల్ల నిండా రాసి పాఠం చెబుతోంది.

"మిగతావాళ్ళేరండీ?"

"రాలేదు" అంది రాఘవమ్మ సుద్ద విసిరేసి. "కార్డులు రాశాను. దండోరా వేయించాను. పేపర్లో పడింది. మూసినన్నాళ్ళూ వచ్చి తలుపులు బాదారు, ఇప్పుడు నిజంగా తెరిస్తే ఒక్కరూ నమ్మరు. పరీక్షలకు ఫీజు కట్టించాలి, నెల కూడా లేదు. ఏం చేయమంటారు?"

"ఎలా నమ్ముతారండి? మా పిల్ల ఇక్కడ ఉండబట్టి గాని, లేకపోతే నేను మాత్రం నమ్మేదాన్నా?"

"అందుకే మీరు నాతో రావాలి. నా మాట నమ్మరు. మీరు ఒక తల్లి."

"బాగుందండి! ఇంటి దగ్గర మినుములు కళ్ళంలో ఉన్నాయి. ఆయనొక్కరే చూసుకోలేరు. ఊరూరా తిరిగి చెప్పటానికి నేనేమన్నా మీ స్కూలు జవానునా?" అంటూనే బియ్యం మూట బల్ల కింద పెట్టింది. "ఎక్కడికెళ్ళాలో చెప్పండి."

మొదట తెనాలి వెళ్ళారు. కనకదుర్గ అనే పిల్ల ఇల్లు. తండ్రి చెంచురామయ్యకు బజార్లో ఎరువుల కొట్టు. వీళ్ళను చూసి మర్యాదగానే కూర్చోమన్నాడు గాని, చెప్పింది విని తల అడ్డంగా ఊపాడు.

"ఆలస్యమైందండి. మీ కబుర్లు వినీ వినీ విసుగొచ్చింది. చదువూ లేక, పనీ లేక పిల్ల ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది? మాఘమాసంలో పెళ్ళి చేసేశాం."

లోపలి నుంచి కనకదుర్గ మంచినీళ్ళు తెచ్చింది. మెళ్ళో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది. "నిజంగా తెరిచారా మేడంగారూ?" అని అడిగింది.

రాఘవమ్మ తల ఊపింది. గ్లాసు తీసుకుంది గాని తాగలేదు. బయటికి వచ్చాక శేషారత్నం చెప్పులు టపటపలాడిస్తూ ముందు నడిచింది. ఎవరి మీద కోపమో ఆమెకే తెలియటం లేదు.

అక్కడి నుంచి రేపల్లె బండి ఎక్కారు. రేపల్లెలో సరోజ అనే పిల్ల ఉంది. వాళ్ళు చీరాల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నేతవాళ్ళు. ఇంటి ముందు గదిలో మగ్గం, దాని పక్కన సరోజ రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. రాఘవమ్మను చూడగానే లేచి నిలబడింది. తల్లి కోటమ్మ మాత్రం మగ్గం మీద నుంచి లేవలేదు.

"ఏంటమ్మా, మళ్ళీ తెరిచారా? ఈసారి ఎన్ని గంటలకి మూస్తారు?"

"ఈసారి నిజంగానే తెరిచాం" అంది రాఘవమ్మ.

"ప్రతిసారీ నిజమేగా! రమ్మంటారు, వస్తే పొమ్మంటారు. ఇక్కడ నేత మానుకుని పిల్లని తీసుకుని ఎన్నిసార్లు తిరిగాను? మా ఆయన జ్వరంతో పడుంటే కూడా వచ్చాను. తాళం చూసి వచ్చాను. మీకేం, గంట కొట్టటం, కార్డు రాయటం. మోసేది మేము!"

శేషారత్నానికి ముఖం వేడెక్కింది. ఆ వరండాలో తను అన్న మాటలే ఇవి. అప్పుడు తనకెంతో న్యాయంగా అనిపించిన మాటలు, ఇవాళ పక్కన నిలబడి వింటే రాఘవమ్మ భుజాలు ఎలా వంగిపోతాయో కనబడింది.

"ఆగమ్మా తల్లీ" అంది ముందుకు వచ్చి. "నేను స్కూలు మనిషిని కాదు, నీలాగే పిల్ల తల్లిని. మాది కొలకలూరు. ఈవిణ్ణి నేను నీకంటే ఎక్కువ తిట్టాను. తిట్టి, గతిలేక మళ్ళీ ఈవిడ ఇంట్లోనే అన్నం తిన్నాను. నా కూతురు ఇవాళ క్లాసులో ఒక్కతే కూర్చుంది, నా కళ్ళతో చూసి వచ్చాను. ఇప్పుడే తెనాలిలో ఒక పిల్లని చూశాం. వాళ్ళ నాన్న కూడా నమ్మలేదు, పెళ్ళి చేసేశాడు. ఆ పిల్ల నీళ్ళ గ్లాసు పట్టుకుని తెరిచారా అని అడుగుతుంటే…" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. దాంతో ఇంకా కోపం వచ్చింది. "నమ్మితే నమ్ము, లేకపోతే మానుకో. నాకు మినుములున్నాయి ఇంటి దగ్గర!"

కోటమ్మ చేతిలో పోగు వేసే నాడె ఆగింది. కూతురి వైపు చూసింది. సరోజ అప్పటికే రాట్నం మూలకి జరిపేసింది.

"పిల్లని పంపుతాను" అంది కోటమ్మ చివరికి. "పెట్టె మాత్రం నేను మోయను. మీకంత నమ్మకంగా ఉంటే మీరే మోసుకుపోండి."

అలా ఆ సాయంత్రం రేపల్లె వీధుల్లో హెడ్మిస్ట్రెస్ ఒక చెవి, శేషారత్నం ఒక చెవి పట్టుకుని ట్రంకుపెట్టె మోసుకుంటూ స్టేషన్‌కి వెళ్ళారు. వెనక సరోజ పరుపుచుట్టతో. "అటు వంచకండి పంతులమ్మగారూ, బరువంతా నా మీదే పడుతోంది" అని ఒకరు, "మీరు పరిగెత్తకుండా నడవండమ్మా" అని ఒకరు.

తెనాలిలో బండి మారాలి. గంటకు పైగా వ్యవధి ఉంది. శేషారత్నం సరోజను పెట్టె దగ్గర కూర్చోబెట్టి, రాఘవమ్మ వద్దంటున్నా చెయ్యి పట్టుకుని మళ్ళీ చెంచురామయ్య కొట్టుకు లాక్కుపోయింది.

"ఏమండీ, పెళ్ళయిన పిల్ల పరీక్ష రాయకూడదని ఏ పేపర్లో వేశారు?"

చెంచురామయ్య బిత్తరపోయాడు. "అది… అత్తగారివాళ్ళు ఏమంటారో…"

"అడిగారా?"

"అడగలేదండి."

"మరి అడిగి చెప్పండి. ఫీజు గడువు లోపల చెప్పండి. ఇన్నాళ్ళూ మా మీద విసుక్కున్నారుగా, ఇప్పుడు మీ కబురు కోసం మేం చూస్తాం."

ఆ వారంలో వాళ్ళిద్దరూ ఇంకా చాలా గడపలు ఎక్కారు. కొందరు తలుపు తీయలేదు. ఒకావిడ కుక్కను వదిలినంత పని చేసింది. అయినా పదో తరగతి గదిలో బల్లలు కొద్దికొద్దిగా నిండాయి. మినుములు సగం కళ్ళంలోనే పాడైపోయాయని సాంబశివరావు అంటే, శేషారత్నం విననట్టే బియ్యం మూట కట్టుకుంది.

పరీక్షలు మండుటెండల్లో జరిగాయి. కనకదుర్గను మామగారు స్వయంగా తీసుకొచ్చి దింపాడు. కుసుమ, సరోజ ఇద్దరూ పాసయ్యారు. కనకదుర్గకు లెక్కల్లో పోయింది.

దసరా దాటాక ఒకరోజు తెనాలి బజార్లో చెంచురామయ్య శేషారత్నానికి ఎదురుపడ్డాడు.

"మా అమ్మాయి సెప్టెంబర్లో మళ్ళీ రాసిందండి. పాసయింది."

"ఎప్పుడు తెలిసింది?"

"పదిహేను రోజులయిందండి."

"పదిహేను రోజులా! పంతులమ్మగారికి ఒక కార్డు ముక్క రాయొద్దుటండీ? ఆవిడ అక్కడ ఎదురుచూస్తూ ఉంటుందని తెలియదా?" అని శేషారత్నం అక్కడే, నడిబజార్లో, ఆయన్ని దులిపేసి, కూరగాయల సంచీ చంకలో పెట్టుకుని పోస్టాఫీసు వైపు తిరిగింది.