బెల్టు లేని చోట

యోనా ముప్పై తొమ్మిదేళ్ళు విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో పనిచేశాడు. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి. మాట మొదటినుంచీ తక్కువే. కూతురు లీలారాణి ఐర్లండులో టాలట్ అనే ఊళ్ళో నర్సు. మూడు నెలలుండి పోదామని వచ్చినవాడు, కరోనా వచ్చి విమానాలు ఆగిపోయి, ఏడాదిగా ఆమె ఇంట్లోనే చిక్కుబడ్డాడు.

ఆ ఇంట్లో మేడ మీది చిన్న గదిలో సూయిన్ అనే చైనా పిల్ల అద్దెకుంటుంది. సినిమా చదువు. కథ అల్లి తీసేవి కాదు, ఉన్నదున్నట్టు తీసేవి. వాళ్ళ ఊరి బట్టల మిల్లు మూతపడింది. మిల్లుతో పాటే ఊరూ ఖాళీ అయింది. రెండేళ్ళ కిందట సెలవులకెళ్ళి దాన్నే కెమెరాలో తీసుకొచ్చింది. కాలేజీ మూసేశారని వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని ఆ ముక్కలు అతికిస్తూ ఉంటుంది. ఎదురు కుర్చీలో యోనా. ఒకరి భాష ఒకరికి రాదు. టీ కాచుకుని తాగడానికి భాష అక్కర్లేదు.

ఫిబ్రవరిలో, ఆ మిల్లులోనే పనిచేసిన ఆ పిల్ల తండ్రి పోయాడు. ఊపిరితిత్తుల నిండా నూలు దుమ్మేనట. వెళ్ళే దారి లేదు. సాగనంపడం కూడా ఫోన్లోనే చూసింది. ఆవేళ యోనా టీ తెచ్చి ఆమె ముందు పెట్టి, అది చల్లారిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు.

అప్పటినుంచి సూయిన్‌ది ఒకటే బెంగ. నాన్న నా మీద కోపంతోనే పోయాడని. లీలారాణికి డ్యూటీ లేని ఒక పగలు అదంతా చెప్పుకుంది. సినిమా తీసిన ఆఖరి రోజున తండ్రిని ఖాళీ షెడ్డులో ఆ చివర గుమ్మం నుంచి కెమెరా దగ్గరికి తిన్నగా నడిచి రమ్మంది. యంత్రాలన్నీ తుక్కు కింద అమ్మేశారు. షెడ్డు ఊడ్చిన కళ్ళంలా ఉంది. అయినా ఆయన సగం దూరం వచ్చి పక్కకి ఒరిగి, ఏదో చుట్టి వస్తున్నట్టు వంకరగా వచ్చేవాడు. ఆరుసార్లు అంతే. తాగొచ్చాడనుకుని ఊరి వాళ్ళ ముందు అరిచింది. ఏడోసారి తిన్నగా వచ్చాడు. ఆ తరవాత తండ్రీ కూతుళ్ళకు సరిగ్గా మాటల్లేవు. ఈ శుక్రవారం కాలేజీకి సినిమా పంపెయ్యాలి. అందులో ఆ ఏడోదే పెట్టింది. తన అరుపు తీసేసింది.

లీలారాణి ఇదంతా తండ్రికి చెప్పింది. యోనా ఏడు నడకలూ చూపించమన్నాడు.

మూడోది నడుస్తుండగా వేలు పెట్టి చూపించాడు. "తాగలేదు ఆ మనిషి. సెయ్యి సూడు."

తండ్రి చొక్కా అంచు పిడికిట్లో పట్టి కడుపుకి అదుముకుని ఉన్నాడు. సరిగ్గా పక్కకి ఒరిగేటప్పుడే.

"అక్కడ మిసను తిప్పే బెల్టు ఉండీది," అన్నాడు యోనా. "నేల మీద ఆ బోల్టులు సూడు, మోటారువి. తిరిగే బెల్టు పక్కనెల్తే గుడ్డ వదులుగా ఒగ్గకూడదు. ముప్పై ఏళ్ళు అలగే నడిచుంటాడు. బెల్టు పీకేసినా కాలికి తెల్దు కదా."

లీలారాణి ఇంగ్లీషులో చెప్పింది. సూయిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నెలలో అదే మొదటి నవ్వు. కోపం కాదన్నమాట, తాగుడూ కాదు. నవ్వుతూనే, మరి ఏడోసారి తిన్నగా ఎలా వచ్చాడని అడిగింది.

యోనా తెర వైపే చూపించాడు. తెర మీద ఏడోది మొదలైంది. ఆ మనిషి రెండు పిడికిళ్ళతోనూ చొక్కా పట్టుకున్నాడు. బోల్టుల దగ్గరికి రాగానే కళ్ళు మూసుకున్నాడు. ఆ నాలుగడుగులూ దాటాకే తెరిచాడు.

"మా మిల్లులో కృష్ణమూర్తిని తువ్వాలు పట్టి లాగీసింది బెల్టు, అక్కడే పోయినాడు," అన్నాడు యోనా. "మిల్లు మూసీసినాక కూడా ఆ సోట ఎవుడూ అడుగెయ్యలేదు. నానూ ఎయ్యలేదు. ఈ బెల్టూ ఎవుడ్నో లాగీసుంటాది."

"నాన్నా, అది నేను చెప్పను," అంది లీలారాణి. "ఇప్పుడే కదా నవ్వింది."

చెప్పక్కర్లేకపోయింది. సూయిన్ ఏడోదాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మళ్ళీ చూసింది. ముఖం పాలిపోయింది. చివరికి లీలారాణి వైపు తిరిగి చిన్నగా ఒకటి అడిగింది. అంత భయపడుతూ ఎందుకొచ్చాడో అంకుల్‌ని అడగమంది.

లీలారాణి ఆ ప్రశ్న తండ్రికి చెప్పింది.

"కూతురు అడిగింది," అన్నాడు యోనా. "వచ్చినాడు."

ఆ మాట లీలారాణి చెప్పింది. సూయిన్ కంప్యూటరు మూసి మేడ మీదికి వెళ్ళిపోయింది. రెండు రోజులు కిందికి రాలేదు. గుమ్మం ముందు పెట్టిన అన్నం గిన్నెలు సగం సగం తిరిగొచ్చాయి.

శుక్రవారం పొద్దున సినిమా పంపేసి, ఇద్దరినీ పిలిచి వేసింది. ఏడు నడకలూ ఉన్నాయి, వరసగా. తీసేసిన అరుపు కూడా మళ్ళీ పెట్టింది. చైనా మాటలు యోనాకి తెలియవు. కానీ ఆ గొంతు ఒక్కొక్కసారికీ ఎలా పెరిగిందో సగం చెవులకు కూడా వినబడింది.

ఏడోది మొదలవగానే సూయిన్ లేచి వానలోకి, పెరట్లోకి వెళ్ళిపోయింది. లీలారాణి వెంట వెళ్ళబోతే యోనా వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

తెర మీద ఆ మనిషి కళ్ళు మూసుకుని వస్తున్నాడు. కెమెరా దగ్గరికి వచ్చి ఆగేదాకా యోనా చూశాడు.