పదిమంది తండేళ్ళు

పలాసలో ఒక జీడిపప్పు గోదాము మీది గదిలో ప్రతి ఆదివారం యుద్ధం జరుగుతుంది. బల్ల మీద అట్ట కొండలు, నాచుతో అడవులు, వేలెడంత సైనికులు. మూడేళ్ళుగా ఆ సైనికులకు రంగులు వేస్తున్నది నేనే. సముద్రం ఒడ్డున మా అక్కుపల్లిలో పడవల మీద పేర్లు రాసిన చెయ్యి నాది. ఆటకు మాత్రం నన్నెవరూ కూర్చోమనలేదు.

ఓ ఆదివారం సిగ్గు విడిచి నేనే అడిగాను. ఆ ఆటల క్లబ్బుకు పెద్ద నాగేంద్రబాబు నవ్వాడు. టెక్కలి పక్క వాళ్ళూరిలో ఆయన మాటకు తిరుగులేదు. ఇక్కడా తిరుగుండకూడదంటాడు.

"సరే అమ్ములూ, వచ్చే వారం ఒక్క ఆట. తెల్లోళ్ళ కాలం నాటి అమెరికా అడవి. నాది ఎర్రకోట్లేసుకున్న ఇంగ్లీషు దళం, ముప్పైమంది. నువ్వు రేంజర్లని తయారుసేసుకో. నీ దళం పారిపోయిందంటే మరి బల్లకాడికి రావొద్దు. రంగులేసుకోడమే."

రేంజర్లంటే అడవిలో దారులు తెలిసిన పదిమంది. ప్రతి ఆయుధానికీ, హోదాకీ ఇన్ని పాయింట్లని ధర ఉంటుంది; ఎవరికి ఏది ఇవ్వాలో మనకిచ్చిన పాయింట్లలోనే సర్దుకోవాలి. అందరూ చేసే పద్ధతి ఒకటే: పదిమందికీ మంచి తుపాకులు, ఒక్క నాయకుడు. ఆ నాయకుడు పడిపోతే పాచిక వెయ్యాలి. నాలుగు కంటే తక్కువ పడిందా, దళమంతా పరుగే.

ఆ నియమం చదివితే నాకు ఒళ్ళు మండింది. మా అయ్య రామూర్తి పడవ నడిపే తండేలు. చేపల వేటకు దిగేముందు రోజూ వరస చెబుతాడు. తన తర్వాత చుక్కాని పడవలో పనిచేసే యువరాజు పట్టాలి, వాడి తర్వాత అసిరయ్య, అలా ఆఖరివాడి దాకా. తండేలుకు ఏదైనా అయితే పడవను వదిలేసి దూకేవాళ్ళు కాదు మావాళ్ళు.

అందుకే పాయింట్లలో చాలావరకు పదిమందినీ నాయకులను చేయడానికే పెట్టాను. అలా చేయకూడదని నియమాల్లో ఎక్కడా లేదు. మిగిలినవాటికి నాలుగు పొట్టి తుపాకులు, అందరికీ చేతిగొడ్డళ్ళు వచ్చాయి.

ఆదివారం నా కాగితం చూసి నాగేంద్రబాబు పగలబడి నవ్వాడు.

"అందరూ నాయకులేటి? నాలుగు తుపాకులతో ఏటి సేత్తావు?"

"దగ్గరికొస్తే సూద్దురుగాని బాబూ," అన్నాను.

నాకు కుర్చీ వెయ్యలేదు. నిలబడే ఆడాను.

మొదటి కాల్పులకే నా నాయకుడు పడ్డాడు. నాగేంద్రబాబు పాచిక నా ముందుకు తోశాడు. నేను ముట్టుకోలేదు. ఆటకు తీర్పరి మన్మథరావు మాష్టారు నా కాగితం చూసి, "అక్కర్లేదు. రెండోవోడు నాయకుడే," అన్నాడు.

రెండోవాడు పడ్డాడు. మూడోవాడూ పడ్డాడు. ఒక్కొక్క బొమ్మనే తీసి పక్కన పెట్టాను. భయం వేసింది, దాచడమెందుకు. ఏడుగురు పోయాక తుపాకులతో మిగిలిన ముగ్గురూ నాచు అడవిలో నక్కారు. ఎర్రకోట్లు పక్కనుంచి వెళుతుంటే ఆ ముగ్గురూ వెనక నుంచి లేచి గుర్రం మీది దొరను కాల్చారు. ఆ దళానికి అతనొక్కడే నాయకుడు.

"పాచిక మీది బాబూ," అన్నాను.

రెండు పడింది. ఆ నియమం ప్రకారమే ఆయన దళమంతా బల్ల దిగిపోయింది.

తర్వాత నాగేంద్రబాబు గుర్రం బొమ్మ తీసి నా వైపు చాపాడు.

"దీనికి రంగు ఊడింది. వచ్చే వారానికి దిద్ది తే."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సంచిలోంచి బ్రష్షు తీసి ఆయన ముందు పెట్టాను.

"మీరే దిద్దుకోండి బాబూ. వచ్చే వారం నాకు ఆటుంది."