వెంట్రుకవాసి వదులు

పొద్దున్నే లేచి మంచం దుప్పటి దులపడం, మొగుడి చొక్కా జేబులోంచి రంపపు పొట్టు విదిలించడం, కొట్లో మంచం కోళ్ళకి గరుకు కాగితం పట్టి రుద్దడం. పాతికేళ్ళుగా వడ్రంగి భార్యకి ఇదే వరస.

ఆయన పనితనానికి వంక పెట్టడానికి లేదు. మంచం కోడుకి ఉలితో బెజ్జం తొలిచి పట్టె దిగ్గొట్టాడంటే జిగురక్కర్లేదు, మేకులక్కర్లేదు. ఆ మంచం విడిపోదు, దానిమీద పడుకున్నవాళ్ళూ విడిపోరు. అందుకే ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేయించుకునేవాళ్ళు. వెనకవీధి దర్జీ, భార్య తొమ్మిదేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అయినా ఈయన చేసిన మంచం మీదే చెరోవైపు తిరిగి పడుకుంటారు. "చూశావా, ఎంత గట్టిదో!" అని వడ్రంగి మురిసిపోయేవాడు.

మొట్టమొదటి మంచం తన ఇంటికే చేసుకున్నాడు. భార్య మూడుసార్లు సంచి సర్దుకుని బయల్దేరింది. వీధి చివర బస్‌స్టాపు దాకా వెళ్ళడం, కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరగడం, వచ్చి పొయ్యి వెలిగించడం. పాపం, ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో లేచి వెళ్ళిపోయేవాడు, అంతే. ఆ అంతేకే మనిషి సగమైపోయింది.

ఇప్పుడు కూతురి పెళ్ళి. కాబోయే అల్లుడు ఇంటికొచ్చిన రోజు పిల్ల నవ్వుతూ ఏదో చెబుతోంది. అతను సగంలో లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి అది గమనించి, ఆ రాత్రే పిల్లకి చెప్పి చూసింది.

"నువ్వు మరీనే అమ్మా!" అని అది కొట్టిపారేసింది.

కూతురి మంచం తనే చేస్తానని తండ్రి పట్టు. కానీ మణికట్టు వాచి ఉలి పట్టనివ్వడం లేదు. బెజ్జాలు తొలిచే మిషను కొనక తప్పలేదు. హ్యాండిల్ లాగాల్సింది భార్యే కాబట్టి ఆవిణ్ణీ షాపుకి తీసుకెళ్ళాడు.

షాపతను రెండు మిషన్లు చూపించాడు. పెద్దదాంట్లో చెక్క బిగించి లాగితే చదరపు బెజ్జం సబ్బు కోసినట్టు దిగింది. వడ్రంగి అందులో వేలు పెట్టి చూసి, "అచ్చం నా చెయ్యే!" అన్నాడు.

"మరి ఈ చిన్నది?" అందావిడ.

"దీని పట్టు అంత గట్టిది కాదమ్మా, చెక్క జరుగుతుంది. వెంట్రుకవాసి వదులొస్తుంది. జిగురు పోసుకోవాలి."

ఆవిడ పెద్దదాని హ్యాండిల్ పట్టుకుంది. పళ్ళు బిగించింది, మెడ నరాలు పొంగించింది. హ్యాండిల్ని మాత్రం అంగుళం కూడా దిగనివ్వలేదు.

"నావల్ల కాదు బాబూ. చిన్నదే ఇచ్చెయ్యండి."

"తిన్న తిండంతా ఏమైపోతోందే?" అన్నాడు మొగుడు. ఆవిడ జవాబు చెప్పేలోపే బయటికి నడిచాడు.

ఎనిమిది బెజ్జాలూ ఆవిడే తొలిచింది. పట్టెలు దిగ్గొడుతూ వడ్రంగి మొహం చిట్లించుకుని జిగురు పోశాడు.

పెళ్ళయిన పద్నాలుగో నెల్లో, ఓ మధ్యాహ్నం, కూతురు పెట్టెతో గుమ్మంలో నిలబడింది. మొహం పీక్కుపోయింది.

"వచ్చేశానమ్మా. నేను మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోతాడు."

తల్లి పెట్టె అందుకుంది. "బస్‌స్టాపు దగ్గర, బస్సెక్కేటప్పుడు, కాళ్ళేమైనా వెనక్కి లాగాయా?"

"ఎందుకు లాగుతాయి?" అంది పిల్ల.

తల్లికి ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషమే. దాంతోపాటే కన్నకూతురి మీద అసూయ.

"కాసేపు నడుం వాలుస్తానే," అంటూ పిల్ల అమ్మానాన్నల మంచం వైపు వెళ్ళింది.

"దానిమీద వద్దు!"

"చిన్నప్పుడూ ఇంతే. ఎక్కనిచ్చేదానివే కాదు."

తల్లి నేలమీద చాప పరిచింది, తలగడ ఇచ్చింది. పక్కనే కూర్చుని దాని కథంతా విందామనుకుంది. ఇంతలో కొట్లోంచి మొగుడు కేకేశాడు. ఆవిడ ఇంకా లేవాలనుకోనేలేదు, కాళ్ళు అటు నడిచాయి.