పదేళ్ళ పిల్ల కొలత

ఆ కొట్టులో కూడా చొక్కా గుండీలు పడలేదు.

ప్రసూన ట్రయల్ రూమ్ తలుపు దగ్గర నిలబడి చెవి ఒగ్గి వింటోంది. లోపల చప్పుడు లేదు. "ఏమ్మా భువనా, సరిపోయిందా?" అని గొంతు తగ్గించి అడిగింది. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. భువనేశ్వరి చొక్కాను ఉండలా చుట్టి గుండెలకు అదుముకుని, తన పాత స్వెట్టర్ మళ్ళీ తొడుక్కుని బయటికి వచ్చింది. ఆగస్టు నెల. ఉక్కపోతకి ఫ్యాను కింద నిలబడ్డవాళ్ళకే చెమటలు కారుతున్నాయి. పిల్ల నుదుటి మీద జుట్టు తడిసి అంటుకుపోయింది.

"చేతులెత్తితే చిరిగేట్టుందమ్మా. వద్దు, ఇంటికెళ్ళిపోదాం."

కౌంటర్ అవతలున్న కుర్రాడు అక్కడి నుంచే కేకేశాడు. "పదేళ్ళ సైజు పట్టలేదా అమ్మా? అయితే లేడీస్ సెక్షన్‌కి వెళ్ళండి. పాప పెద్దదైపోయిందిగా!"

చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. ఇద్దరూ పిల్లను నఖశిఖపర్యంతం చూశారు. భువన తల్లి కొంగు పట్టుకుని వెనక్కి నక్కింది. ప్రసూన ఆ ఇద్దరిలో ఎవరైనా బాపట్ల మనుషులేమోనని ముందు మొహాలు చూసింది. కాదని తేలాకే ఊపిరి తీసుకుంది.

తెలిసినవాళ్ళు కనబడకూడదనే ఆమె తెనాలి దాకా వచ్చింది. ఆమె భర్త రమేష్ బాబు బాపట్లలో మంచినీళ్ళ టిన్నుల ఆటో తోలతాడు. ఆ ఊళ్ళో అతను టిన్ను దించని బట్టల కొట్టు లేదు. "మీ ఆవిడ, పాప వచ్చారు" అని ఎవరో ఒకరు సాయంత్రానికల్లా చెప్పేస్తారు. అందుకే పిల్లను కళ్ళ డాక్టరుకి చూపించాలని అత్తగారితో అబద్ధమాడింది. కాలేజీ హాస్టల్ మెస్సులో కూరగాయలు తరిగే పనికి సెలవు పెట్టి, మూడొందల యాభై కూలి వదులుకుని, పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కింది.

పోయిన ఆదివారం భువన బాత్‌రూములోంచి వణుకుతూ పిలిచింది. "అమ్మా, నెత్తురొస్తోంది. నేను చచ్చిపోతానా?" అని అడిగింది. పిల్లను దగ్గరికి తీసుకోవడం కన్నా ముందు ప్రసూన తలుపు గడియ పెట్టింది. ఎవరైనా చూశారా అన్నదే ఆమెకు కలిగిన మొదటి భయం. తరవాత సిగ్గుపడింది. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అది జబ్బు కాదని, చావు కాదని, ఆడవాళ్ళందరికీ వచ్చేదేనని తనకు తెలిసిన మాటల్లో చెప్పింది. మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో లేడీ డాక్టరు కూడా అదే మాట చెప్పింది. "ఈ మధ్య పదేళ్ళకే చాలామందికి వస్తోందమ్మా. భయపడకండి. మంచి తిండి పెట్టండి. ఆడుకోనివ్వండి. ఒంటికి సరిపడే బట్టలు వెయ్యండి, పాపం ఆ స్వెట్టర్ తీసెయ్యండి."

ఆ చివరి మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. యూనిఫామ్ బడివాళ్ళే కుట్టించి ఇస్తారు. అయిదో తరగతికంతా ఒకటే కొలత. అది భువనకు జూన్‌లోనే బిగుతైంది. అప్పటి నుంచి పిల్ల స్వెట్టర్ విప్పలేదు. ఖోఖోలో ఎవరికీ అందని పిల్ల ఆట మానేసి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చుంటోంది. నడిచేటప్పుడు భుజాలు ముందుకు ముడుచుకుంటోంది. పెద్దాళ్ళ కుర్తీలు భుజాల మీద నుంచి జారిపోతాయి, మెడ కిందికి దిగిపోతుంది. పిల్లల గౌన్లు చంకల్లో కోస్తాయి. పదేళ్ళ పిల్లలు ఇలా కూడా ఉంటారని బట్టలు కుట్టేవాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

కుర్తీలు మడతపెడుతున్న సేల్స్ అమ్మాయి రిబ్కా ఇదంతా గమనిస్తూనే ఉంది. మెట్ల దాకా వెంట వచ్చి మెల్లిగా చెప్పింది. "అక్కా, ఏ షాపుకెళ్ళినా ఇంతే. వెనక సందులో జైనబ్ బీ అని ఉంటది. మా చెల్లికి ఆవిడే కుట్టింది. రిబ్కా పంపిందని చెప్పు."

జైనబ్ బీ ఇల్లు ఒకే గది. కిటికీ పక్కన మిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు. యాభై దాటిన మనిషి. విషయం వింటూనే లేచి, వాకిలి తెర లాగింది. టేపు మెళ్ళో వేసుకుని పిల్ల ముందు కింద కూర్చుంది.

"కొలత తీసుకోమంటావా తల్లీ? వద్దంటే నీ పాత గౌను చూసి కుడతా."

భువన తల్లి వైపు చూసింది. ఇన్నాళ్ళలో ఆ పిల్లను ఎవరూ ఆ మాట అడగలేదు. తల ఊపి స్వెట్టర్ విప్పింది.

"బిగుతుగా వద్దమ్మమ్మా. వదులుగా కూడా వద్దు. పరిగెత్తాలి నేను."

"పరిగెత్తేటట్టే కుడతా."

ఆవిడ లోపల వేసుకునే మెత్తటి కాటన్ బనీన్లు రెండు అప్పటికప్పుడు కత్తిరించింది. ప్రసూన సంచిలో తెచ్చిన యూనిఫామ్ చొక్కా పక్క కుట్లు విప్పి, అదే రంగు గుడ్డ వెతికి అతుకు వేస్తోంది. మిషను చప్పుడు వింటూ ప్రసూన గోడకి జారగిలబడింది. అన్నీ కలిపి నాలుగొందలంది జైనబ్ బీ. ప్రసూన బేరమాడలేదు. ఆదివారం తరవాత ఆమె నడుము వాల్చడం అదే మొదటిసారి.

అప్పుడే ఫోను మోగింది. అత్తగారు కోటమ్మ.

"ఎక్కడున్నావే?"

"కళ్ళాసుపత్రిలోనేనండి అత్తమ్మా. జనం ఎక్కువున్నారు."

"అబద్ధాలాడమాక! బాత్‌రూమ్ వెనకాల గుడ్డలు చూశాలే. నా మనవరాలు పెద్దమనిషైతే నాకు చెప్పకుండా దాచిపెడతావా? పైగా ఈ టయంలో పిల్లని ఊళ్ళెంట తిప్పుతున్నావా? ఏ గాలో ధూళో సోకితే ఎవరు దిక్కే?" కోటమ్మ గొంతులో కోపం ఎంతుందో భయమూ అంతే ఉంది. "మీ అన్నకి కూడా రేపల్లె ఫోన్ చేసి చెప్పాం. మేనమామ కదా, ఆయన చీరె తేవాలి. ఆదివారమే ఫంక్షను. బయల్దేరి రా."

ఫోను పెట్టేశాక కూడా ప్రసూన దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది.

ఆమెకు రేపల్లె ఫంక్షను గుర్తొచ్చింది. అన్న హనుమాన్‌ప్రసాద్ కూతురు నాగమల్లేశ్వరికి అప్పుడు పన్నెండేళ్ళు. పెళ్ళికూతుర్లా ముస్తాబు చేసి, ఊరంతటి ముందు సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు అక్షింతలు వేసి, కవర్లు ఇచ్చి, పిల్ల పక్కన ఫొటోలు దిగారు. సెంటర్లో కట్టిన ఫ్లెక్సీని నెల దాకా ఎవరూ విప్పలేదు. మూడో వారంలో ఒక నలభై ఏళ్ళవాడు బడి గేటు దగ్గర ఆ పిల్లను పేరు పెట్టి పిలిచాడు. పేరు ఎలా తెలిసిందంటే ఫ్లెక్సీలో చదివానన్నాడు. ఆ తరవాత రోజూ బడి వదిలే వేళకి వచ్చి నిలబడేవాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. పిల్లను బడి మాన్పించారు. పదిహేడు నిండకుండానే పెళ్ళి చేశారు. ఆ ఫంక్షనులో పళ్ళేలు అందించిన చేతుల్లో ప్రసూన చేతులు కూడా ఉన్నాయి.

"ఎవరమ్మా?" అంది భువన.

"నాయనమ్మ. బండికి టైమైంది, పద."

కుట్టిన చొక్కా భువన అక్కడే వేసుకుంది. ఒకసారి చేతులు పైకెత్తి చూసుకుంది, మరోసారి వంగి చూసుకుంది. స్వెట్టర్ మడిచి కవర్లో పెట్టేసింది. స్టేషనుకి వెళ్ళే దారంతా పిల్ల ముందు నడుస్తుంటే, ప్రసూన ఎదురొచ్చే ప్రతి మగవాడి కళ్ళూ చూస్తూ వెనక నడిచింది. రైల్లో కూడా పిల్లను కిటికీ వైపు కూర్చోబెట్టి తను అడ్డంగా కూర్చుంది. నా బిడ్డను నేను ఎన్నాళ్ళు ఇలా కాచుకోగలను అనుకుంది. ఆ ప్రశ్న నిడుబ్రోలు దాకా వదల్లేదు.

నిడుబ్రోలు దాటాక ఫోను టింగుమంది. పాటలు వినడానికి అది భువన చేతుల్లో ఉంది.

"అమ్మా, నాన్న ఏదో ఫొటో పంపించాడు."

ప్రసూన అందుకునేలోపే పిల్ల తెరిచేసింది. అది ఫ్లెక్సీ నమూనా. పైన బంగారు రంగు అక్షరాల్లో 'చి.ల.సౌ. భువనేశ్వరి ఓణీల వేడుక' అని ఉంది. కింద పేర్లూ, ఊరూ, ఫోను నెంబర్లూ. మధ్యలో భువన మొహం. బడి గుర్తింపు కార్డు కోసం తీసిన ఫొటోలోంచి కత్తిరించారు. మెడ కింద మాత్రం భువన లేదు. ఎవరో పాతికేళ్ళ ఆడమనిషి, పట్టు లంగా ఓణీలో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆ ఒంటి మీద అయిదో తరగతి పిల్ల మొహం అతికించారు.

భువన చాలాసేపు చూసింది. తరవాత ఫోనును సీటు మీద బోర్లా పెట్టింది.

"నేనిలా లేనుగా అమ్మా," అంది. "ఇది మా బడి దగ్గర కడతారా? మా సార్ చూస్తాడా? అందరూ ఇది నేనే అనుకుంటారా?"

బయట పొలాలు వెనక్కి పోతున్నాయి. కింద 'నైటుకి ప్రింట్ అయిపోద్ది. రేపల్లెలో కూడా కట్టిస్తానన్నాడు మీ అన్న' అని రమేష్ బాబు సంతోషంగా రాశాడు. అతను చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. అందరి ఫంక్షన్లకీ వెళ్ళి చదివింపులు చదివించి వచ్చిన మనిషి, తన ఇంట్లో కూడా పదిమంది భోంచెయ్యాలనుకున్నాడు, అంతే. ఆ సంతోషమే ప్రసూనకు కోటమ్మ తిట్లకన్నా ఎక్కువ భయం పుట్టించింది. తిట్టే మనిషికి ఎదురు చెప్పవచ్చు. సంబరపడే మనిషికి ఏం చెప్పాలి?

"నీకు ఆ ఫంక్షన్ ఇష్టమేనా భువనా?" అంది చివరికి. అడిగాక, తను కూడా పిల్లను ఈ మాట ఇప్పుడే అడుగుతున్నానని తోచింది.

"వద్దమ్మా." భువన కళ్ళు తుడుచుకుంది. "నాకు బడికెళ్ళాలనుంది."

బాపట్లలో దిగి ఇంటి వైపు తిరగలేదు ప్రసూన. నమూనా మూలలో పేరున్న మనోహర్ ఫ్లెక్సీ కొట్టు స్టేషన్ రోడ్డులోనే ఉంది. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల మిషను నడుస్తోంది. తెల్లటి బట్ట మీద అటూ ఇటూ తిరుగుతూ గీత గీతగా రంగు వేస్తోంది. పైనున్న బంగారు అక్షరాలు అయిపోయాయి. భువన నుదురు, కళ్ళు వచ్చేశాయి. కళ్ళు ఒక్కొక్కటీ పళ్ళెమంత ఉన్నాయి.

పిల్ల ఆ కళ్ళను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నయ్యా, మిషను ఆపండి," అంది ప్రసూన.

మనోహర్ తలెత్తాడు. "రండమ్మా రండి! పేరులో ఏమన్నా తప్పొచ్చిందా?"

"తప్పు కాదు. ఇది వద్దండి మాకు."

"అదేంటమ్మా, రమేష్ బాబే కదా ఆర్డర్ ఇచ్చింది. సగం దాకా వచ్చేసింది. ఆయన్నొక మాట అడిగి..."

"ఆయనకి నేను చెప్పుకుంటాను. మీరు ముందు ఆపండి." ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. "మీకూ ఆడపిల్లలున్నారుగా అన్నయ్యా. ఎవరి ఒంటికో మీ పాప మొహం తగిలించి సెంటర్లో కడితే చూస్తారా?"

మిషను ఇంకో గీత గీసింది. ముక్కు మొదలవుతోంది. మనోహర్ గుమ్మంలో నిలబడ్డ పిల్లను చూశాడు, బట్ట మీది కళ్ళను చూశాడు. స్విచ్ నొక్కాడు. మిషను ఆగిపోయింది. ఆ వెంటనే జేబులోంచి ఫోను తీసి రమేష్ బాబుకి చేశాడు. "వచ్చి చూసుకో బాబూ. ఇంటి గొడవలో నన్నిరికించొద్దు," అన్నాడు.

ఆటో రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ కాసేపట్లో ప్రసూన అక్కడి నుంచి వెళ్ళిపోదామని చాలాసార్లు అనుకుంది. వెళ్ళిపోతే మిషను మళ్ళీ నడుస్తుంది. పిల్లను తన వెనక నిలబెట్టుకుని ఆ స్విచ్ బోర్డు పక్కనే నిలబడింది.

రమేష్ బాబు ఖాళీ టిన్నుల ఆటో రోడ్డు మీదే వదిలేసి షట్టరు కింద నుంచి వంగి వచ్చాడు. సగం మొహం ఉన్న బట్ట వేలాడుతోంది. దాన్ని చూశాడు, భార్యను చూశాడు.

"ఏంటిది ప్రసూనా? ఎవర్నడిగి ఆపించావ్?"

పెళ్ళైన ఇన్నేళ్ళలో అతనికి ఎదురు నిలబడి మాట్లాడిన రోజు ఒక్కటి కూడా లేదు. వెనక నుంచి భువన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పాపని అడిగానండి," అంది ప్రసూన.

"పాపనా? పదేళ్ళ పిల్లని అడిగేదేంటి?"

"తను వద్దంది. నేనూ వద్దంటున్నా. ఫంక్షన్ లేదు, ఫ్లెక్సీ లేదు. రేపు బడికెళ్తది."

రమేష్ బాబు నోరు తెరిచాడు. అంతలో రోడ్డు మీద ఇంకో ఆటో ఆగింది. "ఒరే రమేషా, పిల్లేది? లోపలుందా?" అంటూ కోటమ్మ గొంతు వినిపించింది. వెంట రేపల్లె నుంచి వచ్చిన హనుమాన్‌ప్రసాద్ కూడా ఉన్నట్టున్నాడు, చీరె కవరు షట్టరు కింద నుంచి ముందుగా కనబడింది.

ప్రసూన స్విచ్ మీద అరచెయ్యి ఆనించింది. తియ్యలేదు.