నూలు పందెం

మా బావగారు ట్రాక్టరు మీదే కూర్చుని చూస్తున్నారు. నేను గడ్డపార పక్కన పడేసి, మట్టిలోంచి బనియను లాగాను. ఏం చెప్పను! పాతింది పాతినట్టే వచ్చింది. ఉతికితే తొడుక్కోవచ్చు.

బావగారు పగలబడి నవ్వారు. "చూశావామ్మా? నీ సూక్ష్మజీవులకి ఆకలి లేనట్టుంది!"

పందెం కట్టింది నేనే. పొలంలో నా సగాన్ని మూడేళ్ళుగా దున్నలేదు, మందు కొట్టలేదు. మట్టికి ప్రాణం వచ్చిందంటే ఆయన నమ్మరు. "రెండు వైపులా నూలు గుడ్డ పాతుదాం. మట్టిలో జీవముంటే గుడ్డని తినేస్తుంది. రెండు నెలల్లో నా వైపుది ఎక్కువ పాడవకపోతే దున్నేయండి" అన్నాను. దున్నితే నా మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఆయన వైపు పాతిందీ చెక్కు చెదరలేదు. అక్కడే అనుమానమొచ్చింది. అగ్గిపుల్ల గీసి బనియను అంచు అంటించాను. నూలైతే బూడిదవ్వాలి. ఇది ముడుచుకుపోయి గట్టి పూసలా అయింది.

"ఈ బనియన్లు ఎక్కడివి?" అని మా ఆయన్ని నిలదీశాను.

ఆయన నీళ్ళు నమిలారు. "నా పాతవి బాగానే ఉన్నాయి కదా, మట్టిపాలు చేయడమెందుకని... ఫుట్‌పాత్ మీద కొన్నాను. అసలు నూలే అన్నాడు."

నా కర్మ! "మనం పాతింది ప్లాస్టిక్కు బావగారూ. ఇది చెల్లదు."

"మాటంటే మాటే" అని బావగారు ట్రాక్టరు స్టార్ట్ చేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి చక్రానికి అడ్డంగా నిలబడ్డాను. "ముందు నన్ను తొక్కించండి, తర్వాత పొలం దున్నుదురుగాని!"

ఈలోగా అక్క, అదే బావగారి భార్య, ఇంట్లోంచి ఆయన ఇస్త్రీ చొక్కా పట్టుకొచ్చింది. "ఇది నూలే. నేనే కొన్నాను" అంటూ వీపు మీదుగా నిలువునా చర్రున చింపేసింది. "ఇదిగో చెల్లీ, ఒక ముక్క నీ వైపు, ఒకటి మా వైపు."

"నా పెళ్ళిళ్ళ చొక్కా!" అని బావగారు లబలబలాడారు.

"ఇంజిను ఆపండి, వినపడట్లేదు" అంది అక్క.

ఆపక చస్తారా? మళ్ళీ రెండు నెలలు ఆగారు. ఈసారి ఆయనే తవ్వారు. నా వైపు నాలుగు గుండీలూ, కుట్టు దారం పోగులూ దొరికాయి. ఆయన వైపు ముక్క కాలరుతో సహా లేచి వచ్చింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"సరేనమ్మా, నీ సగం జోలికి రాను."

అంతేనా? అంతటితో పోతుందా?

"నా సగం సంగతి సరే బావగారూ, మీ సగం కూడా నాకు అప్పజెప్పండి" అన్నాను. "దాన్ని మీరు చంపుతుంటే ఇంక చూస్తూ ఊరుకోను."