పన్నెండడుగుల విధానం

నేను ఒక ఫ్లెక్సీని. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందే చెప్పేస్తాను. రేపు అడిగితే ప్రతివాళ్ళూ తాము పొలంలో ఉన్నామంటారు. తాపీమేస్త్రి గురువులు ఉన్నాడు, మెడలో మాలతో, నల్లబట్టల్లో, చెమటలు కారుస్తూ. అతని అన్న సూరప్పడు ఉన్నాడు. ఊళ్ళో మాల వేసుకునే వాళ్ళందరికీ అతనే గురుస్వామి. వాళ్ళ తల్లి అసిరమ్మ ఉంది. కొబ్బరికాయలు పట్టుకుని వీధిలో సగం జనం ఉన్నారు. గురువులు భార్య పారమ్మ కూడా ఉంది గాని, ఆమెను ఎవరూ లెక్కలో వెయ్యలేదు. మాల వేసుకున్నవాడికి భార్య దూరంగా ఉండాలని సూరప్పడు ఆమె పక్కను పెరట్లోకి మార్పించాడు. ఆ పెరట్లో రెండు వెదురు గుంజలకి కట్టిన తెరను నేను. నా వెనక ఆమె పడుకుంటుంది. నా ముందు ఊరు నడుస్తుంది. రెండు వైపులా చూడగలగడం నా అదృష్టమో దురదృష్టమో తెలియదు.

నేను పుట్టింది టౌనులో బస్టాండు వెనక ఒక ప్రింటింగు షాపులో. కానీ నా అసలు పుట్టిల్లు ఢిల్లీ అని, నన్ను వేయించడానికి వచ్చిన ఆఫీసాయన షాపువాడితో గొప్పగా చెప్పాడు. దిగులుకీ, మతి చెదరడానికీ, తాగుడికీ కూడా జ్వరానికి ఇచ్చినట్టే సొంత ఊరి దగ్గర వైద్యం ఇవ్వాలని దేశం మొత్తానికి ఒక విధానం రాశారట. మంచిమాటే. రాసినవాళ్ళు చదువుకున్నవాళ్ళే అయి ఉంటారు. అది ఢిల్లీలో బయలుదేరినప్పుడు అందులో డాక్టర్లు ఉన్నారు, మాత్రలు ఉన్నాయి, ఇంటికి వచ్చి పలకరించే మనుషులు ఉన్నారు. దారిలో ఒక్కో ఆఫీసు దగ్గరా ఒక్కొక్కరు దిగిపోయారు. డాక్టర్లు ఒకచోట, మాత్రలు ఒకచోట, పలకరించేవాళ్ళు ఇంకోచోట. మా మండలానికి చేరేసరికి ఆ విధానంలో మిగిలింది నేనొక్కదాన్నే. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు.

అందులోనూ నా ఒళ్ళు నాది కాదు. పైవరసలో పెద్ద మొహాలు, కింది వరసలో వాటికంటే కొంచెం చిన్న మొహాలు, పక్కన డబ్బిచ్చిన వాళ్ళ మొహాలు. అందరూ నవ్వుతూ చేతులు ఊపుతున్నారు. తాగుడు గురించి వేసిన ఫ్లెక్సీ మీద అంత సంతోషం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 'తాగుడు ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది' అన్న అసలు మాట అన్నిటికంటే అడుగున, మొక్కజొన్న గింజలంత అక్షరాల్లో ఉంది. సాయం కావాల్సినవాళ్ళు చెయ్యమని ఒక ఫోను నంబరు కూడా వేశారు. తాడు కట్టడానికి రింగు బిగించేటప్పుడు షాపువాడు సరిగ్గా దాని చివరి అంకె మీద కన్నం పొడిచాడు. ఆఫీసాయన చూశాడు. "పర్లేదులే, ఎవడు చేస్తాడు?" అన్నాడు.

మండల ఆసుపత్రి ఆవరణలో అవగాహన సదస్సు పెట్టారు. నన్ను కట్టడానికి కూలికి పిలిచిన మనిషి ఎవరనుకున్నారు? గురువులే. పొద్దున్నే గొంతు తడుపుకుంటే గాని అతని చెయ్యి నిలవదు. ఆ రోజు తడుపుకునే వచ్చాడు. నిచ్చెనెక్కి, నన్ను గుండెకి హత్తుకుని, ముందు తలకిందులుగా కట్టాడు. పెద్దవాళ్ళ మొహాలు కాసేపు నేలని చూసి నవ్వాయి. తరవాత ఎవరో అరిస్తే తిప్పి కట్టాడు.

కుర్చీలు ఖాళీగా ఉంటే ఫొటోల్లో బాగుండదని ఆశా వర్కరు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని తీసుకొచ్చింది. అలా వచ్చింది పారమ్మ. ఉపన్యాసాలు ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగాయి. మాట్లాడినవాళ్ళంతా తాగుడు తప్పన్నారు, యువత మారాలన్నారు, తమ హయాంలో ఎంత చేశామో చెప్పారు. అసలు మాట్లాడవలసిన మనోవైద్యుడికి మైకు వచ్చేసరికి షామియానావాళ్ళు కుర్చీలు మడిచేస్తున్నారు. ఆయన రెండు మాటలు చెప్పి దిగాడు. జనం పులిహోర పొట్లాల వైపు నడిచారు. పారమ్మ ఒక్కతే ఆయన దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, మా ఆయన చేత తాగుడు మానిపించీవొచ్చా?"

"మాన్పించొచ్చమ్మా. కానీ ఒక్కసారిగా ఆపకండి. రోజూ తాగే ఒంటికి ఒక్కసారి ఆపేస్తే వణుకు వస్తుంది, నిద్ర ఉండదు, లేనివి కనిపిస్తాయి. మూర్ఛ కూడా రావచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో ఉంచి మాత్రలిస్తూ మాన్పించాలి."

"ఎక్కడుంచాలి బాబూ?"

"ఇక్కడే. ఈ మాత్రలు మీ మండల ఆసుపత్రిలోనే ఉండాలి. పాలసీ అదే." ఆయన పక్కనున్న ఆసుపత్రి డాక్టరు వైపు చూశాడు.

"ఇంకా రాలేదు సార్," అన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఇంకా వర్షాలు పడలేదు అన్నంత మామూలుగా.

"అయితే టౌనులో పెద్దాసుపత్రికి తీసుకురామ్మా," అని ఆయన జీపెక్కాడు.

పారమ్మ నిచ్చెన దగ్గరికి వచ్చి మొగుడితో ఆ మాటే చెప్పింది. గురువులు నన్ను విప్పుతూ ఆగిపోయాడు. "మెంటలు డాక్టరు కాడికా? నాకేటి పిచ్చేటే? పదిమందీ ఇంటే పిల్లనిచ్చీవోడు ఉంటాడా మనింటికి?" అన్నాడు. వాళ్ళకి పిల్లలు లేరు. అయినా పరువంటే పరువే. నన్ను చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. కూలితో పాటు ఫ్లెక్సీ కూడా తీసుకుపొమ్మని ఆఫీసాయనే అన్నాడు. ఫొటోలు తీయడం అయిపోయింది కదా, నాతో ఇంకేం పని?

అలా నేను వాళ్ళ పెరటికి తెరనయ్యాను. పారమ్మ మొగుణ్ణి పెద్దాసుపత్రికి బతిమాలుతూనే ఉంది. అతను వినలేదు. ఒకసారి గోడ కడుతూ, ఎక్కి నిలబడ్డ సారువ కర్రల మీద నుంచి జారి పడ్డాక సూరప్పడు వచ్చి తన వైద్యం చెప్పాడు. మాల. మాల మెళ్ళో పడితే చుక్క ముట్టకూడదు. ముట్టకపోతే మానేసినట్టే. ఖర్చు లేదు, టౌను లేదు, మెంటలు డాక్టరు లేడు, పైగా పుణ్యం. ఈ ఊళ్ళో తాగుబోతులకి ఇదే వరస. దీక్ష ఉన్నన్నాళ్ళూ మానతారు, మాల తీసిన సాయంత్రం ఆ బాకీ అంతా తీర్చేస్తారు. కొద్దిగా తాగేవాళ్ళకి అలా గడిచిపోతుంది. గురువులు కొద్దిగా తాగేవాడు కాదు.

"బావా, ఒక్కసారే ఆపీకూడదని ఆ డాక్టరు బాబు సెప్పినాడు," అంది పారమ్మ.

"సామి కంటే డాక్టరు పెద్దోడేటి?" అన్నాడు సూరప్పడు. అసిరమ్మ కోడల్ని చూసి ముక్కున వేలేసుకుంది. "ఓలె, మొగుడు బాగుపడతాడంటే నీకెందుకే అంత ఏడుపు?" అంది.

ఆదివారం పొద్దున్న మాల వేశారు. సోమవారానికి చేతులు వణికాయి. చలి అన్నారు. మంగళవారం నిద్ర లేదు. భక్తి అన్నారు. బుధవారం అతను నాకు తిన్నగా కనబడే నడవలో పీట మీద కూర్చుని, ఒళ్ళంతా ఊగిపోతూ, గోడకేసి చూస్తూ "అదిగో, అదిగో, పాకుతున్నాయి" అని అరిచాడు. అప్పుడు మాత్రం అందరికీ ఒక్కసారే అర్థమైంది. స్వామి వచ్చాడు!

నేను చాలా సభలు చూడలేదు. ఒక్కటే చూశాను. కానీ ఆ సభలో డాక్టరు మాట వినని జనం, ఈ నడవలో జబ్బుమనిషి మాటని ఎంత శ్రద్ధగా విన్నారో చెప్పలేను. కాళ్ళు కడిగారు. కొబ్బరికాయలు కొట్టారు. గేదె తప్పిపోయిన ఒక ముసలమ్మ, "సామీ, నా గేది ఏ పక్కనుందో సెప్పు సామీ," అని సాగిలపడింది. "గోడ మీద... గోడ మీద..." అన్నాడు గురువులు. ఇద్దరు మగవాళ్ళు రైసుమిల్లు గోడ దాకా పరిగెత్తి వచ్చారు. గేదె లేదు. అయితే స్వామి చెప్పింది వేరే గోడ అయ్యుంటుందని నిర్ణయించి, వేరే గోడ వెతకడానికి బయలుదేరారు. గేదె గోడ మీద ఎలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు.

మధ్యాహ్నానికి గురువులు తల్లిని గుర్తుపట్టలేదు. ఎవరో తన మీద సిమెంటు పోస్తున్నారని మొహం తుడుచుకుంటూ ఏడ్చాడు. పీట మీద నుంచి జారిపోతుంటే ఇద్దరు పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టారు.

పారమ్మ గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించింది. "బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇది పూనకం కాదు. మనిషి సచ్చిపోతాడు. ఆసుపత్రికి తీసికెల్దుము."

"మాలున్న ఇంట్లో ఆ మాటేటే! అపచారం! పో ఎనక్కి," అన్నాడు సూరప్పడు.

ఆమె పెరట్లోకి వచ్చింది. నా వెనక కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి ఏడుపు ఆగింది. నడవలో "సామీ శరణం" అంటున్న గొంతుల్ని చెవి పెట్టి వింది. తరవాత లేచి, బానలో నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంది. జుట్టు విప్పింది. పసుపు మొహానికి దట్టంగా పట్టించింది. దొడ్లో వేపకొమ్మ విరిచింది. ఒక్క క్షణం ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

తరవాత ఆ ఇల్లు అదిరిపోయేలా కేక వేసింది.

"ఒరే సూరప్పడా!"

ఆ ఊళ్ళో మొగుడి అన్నని పేరు పెట్టి పిలిచే ఆడది లేదు. అందుకే పిలిచింది ఆడది కాదని అందరికీ వెంటనే తెలిసిపోయింది. అసిరమ్మ కోడలి కాళ్ళ మీద పడింది. "అమ్మోరు దిగిందిరా!" అని జనం దారి ఇచ్చారు.

"నా బిడ్డని సంపేత్తారేట్రా? బండి పిలవండి! పెద్దాసుపత్రికి తీసికెల్లండి!"

సూరప్పడు చెంపలేసుకున్నాడు గాని బేరం మానలేదు. "తల్లీ, ఆసుపత్రెందుకు? నీ గుడికే తీసుకొచ్చేత్తాము."

"గుళ్ళో నానుంటాన్రా! ఆసుపత్రిలో మందుంటాది! నువ్వు నాకు సెప్పేటంతోడివైపోనావా?" అని వేపకొమ్మతో వీపు మీద ఒక్కటి వేసింది. అందులో అమ్మవారి వంతు ఎంతో, పారమ్మ వంతు ఎంతో నేను చెప్పను.

డాక్టరు చెబితే కదలని ఊరు, భార్య ఏడిస్తే కదలని ఊరు, లేచి పరిగెత్తింది. ఆటో వచ్చింది. సీటు పాడైపోతుందని ఆటోవాడు నసిగితే, గుంజల నుంచి నన్ను లాగి సీటు మీద పరిచారు. గురువులు నా మీద కూర్చున్నాడు. అన్ని మొహాలూ అతని కింద నలిగాయి. దారిలో వాంతి చేసుకున్నాడు. పైవరస, కింది వరస, డబ్బిచ్చినవాళ్ళు, ఎవరికీ తక్కువ కాకుండా అందరికీ పంచాడు. ఆ విధానం నా వల్ల ఒక రోగికి అందిందంటే అదొక్కసారే.

పెద్దాసుపత్రిలో స్ట్రెచరు దొరకలేదు. నన్నే నలుగురు నాలుగు మూలలా పట్టుకుని, అతన్ని మగవాళ్ళ వార్డు గుమ్మం దాకా మోశారు. లోపల మంచం మీదికి మార్చాక నన్ను పారమ్మ చేతుల్లోకి తోశారు. మొహాన పసుపు దారిలోనే తుడిచేసుకుంది. ఇప్పుడు ఆమె మళ్ళీ వట్టి పారమ్మే.

కళ్ళజోడు పెట్టుకున్న సిస్టరు గుమ్మంలోకి వచ్చింది. "ఒక్క మగమనిషి లోపలికి రండి. ఏమైంది ఈయనకి?"

సూరప్పడు మాల సర్దుకుని ముందుకి వచ్చాడు. "సామి వొంటి మీదికొచ్చినాడమ్మా. ఆసుపత్రికి ఎల్లమని అమ్మోరు సెప్పింది."

సిస్టరు అతన్ని ఎగాదిగా చూసింది. "మందు తాగుతాడా?"

సూరప్పడు వరండా అంతా ఒకసారి చూశాడు. ఊరివాళ్ళు ఉన్నారు, పక్క ఊరివాళ్ళూ ఉన్నారు. "మా తమ్ముడా? లేదమ్మా! మాలేసుకున్నోడు తాగుతాడేటి?"

"అంతకు ముందు?"

"ఎప్పుడైనా పండక్కి. అది కూడా మందేటమ్మా?"

"అలాగైతే మెదడు జ్వరమేమో. ఆ జబ్బు చూసే డాక్టరుగారికి రాస్తాను," అని సిస్టరు వెనక్కి తిరిగింది.

పారమ్మ నోరు తెరిచింది. అమ్మవారిగా ఊరంతా వినేలా అరిచిన మనిషికి, భార్యగా ఒక్క మాట గొంతు దాటలేదు. సిస్టరు రెండడుగులు వేసింది. అప్పుడు నన్ను గట్టిగా నలిపి పట్టుకుని, "అబద్దం!" అంది పారమ్మ. "రోజూ తాగుతాడమ్మా. లెగిసిన కాడి నుంచీ తాగుతాడు. తాగకపోతే తాపీ పట్టలేడు. ఆదివారం మాలేసినారు. ఆ పొద్దు నుంచి సుక్క ముట్టనేదు. అప్పుడు మొదలైంది ఇదంతా."

"ఓలె, నలుగుర్లో ఏటా మాటలు! నోర్ముయ్!" అన్నాడు సూరప్పడు.

"మీరాగండి," అంది సిస్టరు. పారమ్మని అడిగింది. "ఆదివారం నుంచా? మూర్ఛ వచ్చిందా?"

"ఇంకా రానేదమ్మా."

సిస్టరు లోపలికి తిరిగి ఏదో ఇంజెక్షను పేరు కేకేసింది. లోపల ఎవరో పరిగెత్తిన చప్పుడైంది. పారమ్మ గడప మీద కాలు పెట్టింది.

"మగవాళ్ళ వార్డమ్మా, ఆడవాళ్ళు బయటే ఉండాలి. మీరు రండి," అని సిస్టరు సూరప్పణ్ణి లోపలికి పిలిచింది. అతను పారమ్మని రాసుకుంటూ దర్జాగా లోపలికి వెళ్ళాడు.

"ఆయన గురించి ఇంకేటైనా అడగాలంటే, అమ్మా, నాను ఈడే ఉంటాను," అంది పారమ్మ.

"అక్కర్లేదమ్మా, ఆయన్ని అడుగుతాంలే," అని సిస్టరు తలుపు మూసేసింది.