దమ్ము

నేను ఒక సిగరెట్ లైటర్‌ని. ఏదో కర్మాగారంలో నా ఆకుపచ్చ ఒంట్లోకి గ్యాసు నింపి, నెత్తిన గరుకు చక్రం బిగించి లోకం మీదికి వదిలారు. పెద్దపల్లిలో ఆటో నడిపే రాజలింగు నన్ను పాన్‌డబ్బాలో కొన్నాడు.

సాయంత్రం గడపలో కూర్చుని అతను పొగను చుట్టలు చుట్టలుగా వదులుతుంటే, అన్న కొడుకు మహిపాల్ నోరు తెరుచుకుని చూసేవాడు. ఏడో తరగతి. నన్ను వెలిగించే పని వాడిదే. "పులి రా మనోడు!" అని రాజలింగు మురిసిపోయేవాడు. పిల్లలు పుస్తకాలే చదువుతారని పెద్దవాళ్ల నమ్మకం.

బడిలో కబడ్డీ జట్టు నాయకుడు నరేందర్, పదో తరగతి. "జట్టుల ఉండాల్నంటే రేపు లైటర్ పట్కరా" అన్నాడు మహిపాల్‌తో. మర్నాడు చిలక్కొయ్యకున్న రాజలింగు చొక్కాలోంచి నేను మహిపాల్ జేబులోకి మారాను.

మధ్యాహ్నం జట్టు పిల్లలు నరేందర్ తెచ్చిన సిగరెట్లతో బడి వెనక గోడ చాటున చేరారు. మహిపాల్ ఒక్క దమ్ము లాగాడు. కళ్లలో నీళ్లు తిరిగినా నవ్వాడు. తర్వాత వాడి పక్క బెంచీ సాగర్ వంతు.

"నాకద్దన్నా. దమ్ము లేస్తది" అన్నాడు సాగర్. వాడికి ఉబ్బసం.

"దమ్ముంటెనే కబడ్డీ!" అన్నాడు నరేందర్. అందరూ నవ్వారు. నవ్వకపోతే తనూ వేరవుతానని మహిపాల్ కూడా నవ్వి, సాగర్ నోట్లో పెట్టిన సిగరెట్ దగ్గరికి నన్ను తెచ్చాడు. నేను వెలిగాను. అంతకన్నా నాకేం చేతనవును?

రెండో దమ్ముకే సాగర్ గొంతు పట్టేసింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, ఊపిరి మాత్రం ఆడడం లేదు. పెదాలు నల్లబడ్డాయి. నరేందర్ వాళ్లు గోడ దూకారు. మహిపాల్ కూడా గోడెక్కాడు, వెనక్కి చూశాడు, దిగాడు.

"సార్! సాగర్ సచ్చిపోతుండు సార్!"

డ్రిల్లు సారు సాగర్‌ని ఎత్తుకుని ఆసుపత్రికి ఉరికాడు, వెనకే మహిపాల్. ముక్కుకు మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించారు. చాలాసేపటికి ఊపిరి దారిన పడింది. నేనింకా మహిపాల్ పిడికిట్లోనే చెమటలో నానుతున్నాను.

కబురందుకుని రాజలింగు వచ్చాడు. నన్ను చూసి మహిపాల్ మీద చెయ్యెత్తాడు. "ఏ లుచ్చగాడు నేర్పిండురా నీకు?"

మహిపాల్ తల ఎత్తాడు. "నువ్వే కాకా."

ఎత్తిన చెయ్యి దిగడానికి తోవ దొరకలేదు. అది చివరికి నన్ను అందుకుని వరండాలోని చెత్తడబ్బాలో పడేసింది.

కాసేపటికి అతని అడుగులు మళ్లీ వచ్చాయి. అలవాటుపడ్డ వేళ్లు డబ్బాలోకి వంగాయి. గుమ్మంలోంచి మహిపాల్ చూస్తున్నాడు. నాలో గ్యాసు ఇంకా సగముంది.

వేళ్లు వెనక్కి వెళ్లాయి. మూత పడింది.